కర్మాగారం గేటు దాటిన ఇంజనీరింగు విద్యార్థి



ఇంజనీరింగు విద్యార్థి కొన్ని వారాలపాటు తరగతి గది విడిచి, కర్మాగారంలోనో, నీటిపారుదల శాఖ కార్యాలయంలోనో, సాఫ్ట్‌వేర్ సంస్థలోనో, అసలు పని జరిగే చోట ఉండి పని నేర్చుకోవడాన్ని ఇంటర్న్‌షిప్ అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలులోకి వచ్చిన బి.టెక్ పాఠ్యప్రణాళిక దీనిని తప్పనిసరి చేసింది. రెండో సంవత్సరం ముగిసిన వేసవిలో ఒకసారి, మూడో సంవత్సరం ముగిసిన వేసవిలో మరొకసారి విద్యార్థి ఈ శిక్షణ పొందాలి. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు పనితో కలిపి మళ్లీ పొందాలి. పొందినదానికి క్రెడిట్లు, అంటే పట్టా చేతికి రావడానికి కూడబెట్టుకోవలసిన పాఠ్యాంశాల విలువ, లెక్కలోకి వస్తాయి. ఒకప్పుడు ఉత్సాహం ఉన్న కొద్దిమంది వెతుక్కుంటూ వెళ్లిన ఈ పనికి ఇప్పుడు అందరూ వెళ్లవలసిందే.

అలా వెళ్లిన విద్యార్థులలో చాలామందిని మొదటి వారంలోనే ఒక దిగులు పట్టుకుంటుంది. రెండు మూడేళ్లు చదివినది ఇక్కడ దేనికీ అక్కరకు రావడం లేదని, చుట్టూ ఉన్నవారందరికీ ఏదో తెలుసునని, తనకు ఒక్కడికే తెలియదని, ఆ సంగతి ఇవాళో రేపో బయటపడుతుందని విద్యార్థి లోలోపల కుమిలిపోతాడు. ఈ ప్రసంగం ఆ దిగులు గురించినది. ఆ దిగులు అబద్ధమని చెప్పడం దీని ఉద్దేశం కాదు. విద్యార్థికి తెలియదన్నది చాలావరకు నిజమే. అయితే తెలియనిది ఏమిటి, ఎందువల్ల తెలియలేదు అన్న రెండు ప్రశ్నల దగ్గర విద్యార్థి తనకు తాను చెప్పుకునే జవాబు మాత్రం తరచుగా తప్పు.

పల్నాడు ప్రాంతాన్నే తీసుకుంటే విషయం తేటగా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో పరిశ్రమ ముందు వచ్చింది, ఇంజనీరింగు కళాశాల చాలా తరువాత వచ్చింది. మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం 1958 నాటిది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. నరసరావుపేట ఇంజనీరింగు కళాశాల 1998లో మొదలైంది, కాకినాడ జె.ఎన్.టి.యు. వారి ఇంజనీరింగు కళాశాల నరసరావుపేటకు 2016లో వచ్చింది. అంటే ఇక్కడ ఇంజనీరింగు తరగతి గది తెరుచుకునేనాటికే కిల్న్ నడిపే చేతులు, కాలువ షట్టరు ఎత్తే చేతులు మూడు నాలుగు దశాబ్దాల అనుభవం గడించి ఉన్నాయి. ఆ చేతులలో ఉన్న తెలివిడి పుస్తకాలకు ఎక్కలేదు, ఎక్కవలసిన అవసరమూ ఎవరికీ కలగలేదు. ఇవాళ విద్యార్థి వెళ్లి నిలబడుతున్నది ఆ తెలివిడి ముందు.

సిమెంటు కర్మాగారంలో ఒక్క యంత్రాన్ని గమనిస్తే చాలు. దాని పేరు కిల్న్. లోపల ఇటుక పేర్చిన పొడవాటి ఉక్కు గొట్టం అది. ఒక వైపు కొద్దిగా వాలి ఉండి, నిమిషానికి కొద్ది చుట్లు మాత్రమే తిరుగుతూ ఉంటుంది. సున్నపురాయి, మట్టి మొదలైనవి కలిపి మెత్తగా నూరిన పొడి, అక్కడివారి మాటలో ఫీడు, ఎగువ కొసన లోపలికి వస్తుంది, దిగువ కొసన మంట ఉంటుంది, మంట దగ్గరకు చేరేసరికి ఆ పదార్థం దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ వేడికి లోనై గట్టి ఉండలుగా మారుతుంది. ఆ ఉండలను క్లింకర్ అంటారు. దానికి కొంత జిప్సం కలిపి నూరితే సిమెంటు. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉంది, విద్యార్థి దీనిని పరీక్షలో బొమ్మ గీసి రాసి ఉంటాడు.

ఇక కంట్రోల్ రూంలోకి వస్తే, అక్కడి తెరమీద కిల్న్‌ను తిప్పే మోటారు ఎంత కరెంటు తీసుకుంటున్నదో చూపే ఒక అంకె ఉంటుంది. దానిని అక్కడివారు కిల్న్ ఆంప్స్ అంటారు. ఎలక్ట్రికల్ విద్యార్థికి ఆ అంకె కొత్త కాదు. మోటారు మీద బరువు పెరిగితే కరెంటు పెరుగుతుందని అతడు చదువుకున్నాడు. అయితే పక్కన కూర్చున్న ఆపరేటరు ఆ అంకెలో బరువును చూడడు, వేడిని చూస్తాడు. లోపల వేడి పెరిగితే పదార్థం కొంత కరిగి జిగటగా మారుతుంది, జిగట పదార్థం తిరిగే గోడను పట్టుకొని మరింత పైకి ఎగబాకుతుంది, దానిని ఎత్తడానికి మోటారు ఎక్కువ శ్రమపడుతుంది, ఆంప్స్ పెరుగుతాయి. లోపల చల్లబడితే ఆంప్స్ పడిపోతాయి. మోటారు అంకె చూసి మంట సంగతి చెప్పడం ఇలా సాధ్యమవుతుంది.

అక్కడితో కూడా కథ ముగియదు. ఇటుక గోడకు పట్టిన పదార్థపు పూత ఒక్కసారిగా ఊడిపడినా ఆంప్స్ మారతాయి. కనుక అంకె మారినప్పుడు కారణం వేడా, పూతా అన్నది తేల్చుకోవాలి. అందుకు ఆపరేటరు మరికొన్ని గుర్తులను దగ్గర పెట్టుకుంటాడు. వాటిలో ఒకటి లీటర్ వెయిట్. అంటే చల్లారిన క్లింకర్‌ను జల్లెడ పట్టి, ఒక లీటరు పాత్ర నింపి తూకం వేయడం. బాగా కాలిన క్లింకర్ బరువు తూగుతుంది, సరిగా కాలనిది తేలిపోతుంది. కోట్ల రూపాయల యంత్రం పక్కన ఒక జల్లెడ, ఒక లీటరు పాత్ర, ఒక త్రాసు ఇప్పటికీ పనిచేస్తున్నాయంటే మొదటిసారి చూసిన విద్యార్థికి నవ్వు వస్తుంది. రెండో వారంలో ఆ నవ్వు ఆగిపోతుంది.

శ్రోతలు ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ విద్యార్థికి కిల్న్ ఆంప్స్ చదవడం రాలేదంటే అతడు మోటారు పాఠం చదవలేదని కాదు. పాఠం చదివాడు. మోటారు పాఠం ఒక పుస్తకంలో, సిమెంటు రసాయనం మరొక పుస్తకంలో ఉన్నాయి. రెండూ కలిసే చోటు కంట్రోల్ రూంలో ఆపరేటరు కుర్చీ. అతడికి తెలియనిది ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలిసేది.

ఈ రకం తెలివిడికి హంగరీలో పుట్టిన శాస్త్రవేత్త, తత్త్వవేత్త మైకేల్ పొలాన్యీ ఒక పేరు పెట్టి, 1966లో దాని మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. మనిషి మాటల్లో చెప్పగలిగినదానికన్న ఎక్కువ ఎరిగి ఉంటాడన్నది అతడి వాదం. తెలుగులో దానిని మాటకందని ఎరుక అనుకోవచ్చు. సైకిలు తొక్కడం వచ్చినవాడు ఎలా తొక్కుతున్నాడో వివరించలేడు. కిల్న్ ఆపరేటరు కూడా ఎలా తెలిసిందని అడిగితే, చూస్తే తెలుస్తుంది బాబూ అంటాడు. విద్యార్థి ఆ జవాబు విని తనను దాటవేశారనుకుంటాడు. చాలాసార్లు అది దాటవేత కాదు. ఆ మనిషి దగ్గర అంతకుమించిన జవాబు నిజంగానే లేదు.

సివిల్ విద్యార్థుల సంగతి వేరుగా ఉంటుందని అనుకోనక్కరలేదు. నాగార్జునసాగర్ కుడి కాలువను జవహర్ కాలువ అంటారు. పల్నాడు పొలాలకు సాగర్ నీరు వచ్చేది దాని గుండానే. ఒక కాలువలో ఎంత నీరు పారుతుందో లెక్కించడానికి ప్రతి సివిల్ విద్యార్థీ మానింగ్ సూత్రం నేర్చుకుంటాడు. కాలువ వాలు, అడ్డుకోత వైశాల్యం, నీరు తాకే అంచు పొడవు, వీటికితోడు కాలువ గరుకుదనాన్ని చెప్పే ఒక గుణకం అందులో ఉంటాయి. పరీక్షలో ఆ గుణకం ప్రశ్నలోనే ఇస్తారు. కాలువ గట్టు మీద దానిని ఎవరూ ఇవ్వరు. నున్నటి కాంక్రీటు లైనింగు ఉంటే ఒక విలువ. లైనింగు పగిలి, పూడిక చేరి, తూటికాడ అల్లుకుంటే దానికి రెట్టింపు విలువ. గుణకం రెట్టింపైతే సూత్రం ప్రకారం పారే నీరు సగానికి పడిపోతుంది. గుణకాన్ని ఒకచోట తప్పుగా అంచనా వేస్తే మిగిలిన లెక్క ఎంత శుద్ధంగా చేసినా వృథా.

కాలువ మీద షట్టర్లు చూసుకునే ఉద్యోగిని లస్కరు అంటారని పల్నాడు రైతులకు చెప్పనక్కరలేదు. లస్కరుకు మానింగ్ ఎవరో తెలియదు. కాని గేజి మీద ఇన్ని అడుగులు ఉంటే చివరి ఆయకట్టుకు నీరు అందుతుందో లేదో, ఏ తూము దగ్గర ఎంత పోతుందో అతడు చెప్పగలడు. సూత్రం తెలిసిన విద్యార్థి, కాలువ తెలిసిన లస్కరు ఒకే గట్టు మీద నిలబడినప్పుడు విద్యార్థికి తన చదువు చిన్నబోయినట్లు అనిపిస్తుంది. నిజానికి ఆ ఇద్దరిలో ఎవరిదీ చాలదు. కొత్త కాలువ తవ్వవలసి వస్తే లస్కరు అనుభవం దారి చూపదు, ఉన్న కాలువ నడపవలసి వస్తే సూత్రం ఒక్కటే దారి చూపదు.

ఇక్కడ ఆ సూత్రం పుట్టుక కూడా చెప్పుకోదగినది. రాబర్ట్ మానింగ్ 1816లో పుట్టిన మనిషి, ఐర్లండులో ప్రభుత్వ ఇంజనీరుగా పనిచేసినవాడు. ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు మాత్రం కాదు. కరువు రోజుల్లో, 1846లో, పొలాల నీరు బయటికి తీసే కాలువల పనులలో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరి, తరువాత ఇంజనీరు పని మీద పడి, జలశాస్త్రం మీద ఉన్న ఒక ఫ్రెంచి పుస్తకం చదువుకొని పని నేర్చుకున్నాడు. 73 ఏళ్ల వయసులో, 1889లో, ఐర్లండు సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఆ సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఇవాళ ప్రపంచమంతటా సివిల్ విద్యార్థులు పరీక్షలో రాస్తున్నది పని మధ్యలో దిగి, తెలియనిదాన్ని వెతుక్కున్న మనిషి సూత్రం. పాఠ్యపుస్తకం సూత్రాన్ని ఉంచుకొని ఆ వెతుకులాటను తీసివేసింది. అందువల్ల విద్యార్థికి సూత్రాలన్నీ ముందే తయారై ఉన్న మనుషుల దగ్గర నుంచి వచ్చినట్లు కనిపిస్తాయి.

పల్నాడు గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థికి ఈ దిగులు మరొక బరువు మోసుకొస్తుంది. ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగు గడప తొక్కినవారు వీరిలో చాలామంది; మిరప, పత్తి పండించే ఇళ్ల పిల్లలు, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదువుతున్నవారు. ఊళ్లో బోరు మోటారు ఆగిపోతే, ఎలక్ట్రికల్ చదువుతున్న అల్లుడు సెలవులకు వచ్చాడు కదా, చూడరా అంటాడు మేనమామ. మూడు ఫేజుల విద్యుత్తు గురించి ఆ కుర్రవాడు పది పేజీలు రాయగలడు. స్టార్టరు పెట్టె మూత తీసి ఏ తీగ ఎక్కడికి పోయిందో చెప్పలేడు. పదో తరగతితో చదువు మానిన మెకానిక్కు వచ్చి, టెస్టు ల్యాంపు పెట్టి చూసి, ఒక ఫేజు రావడం లేదని క్షణంలో చెప్పి వెళతాడు. అప్పుడు మేనమామ ఏమీ అనడు, నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు ఆ కుర్రవాడికి ఇంటర్న్‌షిప్‌లో కూడా వినిపిస్తూ ఉంటుంది.

వింటున్న తల్లిదండ్రులు, మేనమామలు ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. మెకానిక్కుకు ఆ తెలివి పుట్టుకతో రాలేదు. ఎవరో ఒకరి దుకాణంలో రెండు మూడేళ్లు పానాలు అందిస్తూ నిలబడితే వచ్చింది. కళాశాల ఆ నిలబడే కాలాన్ని విద్యార్థికి ఇంతవరకు ఇవ్వలేదు. ఇంటర్న్‌షిప్ ఇస్తున్నది అదే, అది కూడా వేసవికి ఆరెనిమిది వారాలు మాత్రమే.

నిలబడి నేర్చుకోవడం ఎలా జరుగుతుందన్న విషయం మీద అమెరికా మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల మధ్య పరిశోధన చేశారు. అక్కడ కొత్తగా చేరిన కుర్రవాడికి గుడ్డ కత్తిరించడం ముందు నేర్పరు. గుండీలు కుట్టడం, అంచులు మడవడం ముందు అప్పగిస్తారు. తరువాత ముక్కలు కలిపి కుట్టడం. కత్తెర చేతికి ఇచ్చేది అన్నిటికన్న చివర. తెలుగు ఊళ్లలో కూడా టైలరు దుకాణంలో చేరినవాడికి మొదట కాజాలే గతి. పైకి ఇది చాకిరీలా కనిపిస్తుంది. అయితే గుండీ కుట్టేవాడి చేతికి వచ్చేది పూర్తయిన చొక్కా. చొక్కా మొత్తం ఎలా ఉండాలో అతడు రోజూ చూస్తాడు. గుండీ తప్పుగా కుడితే ఊడదీసి కుట్టవచ్చు, గుడ్డ తప్పుగా కత్తిరిస్తే పోయినట్లే. తప్పుకు తక్కువ ఖరీదు ఉన్న చోట కొత్తవాడిని నిలబెట్టడం ఆ పద్ధతిలోని కీలకం. లేవ్, ఎతియెన్ వెంగర్ కలిసి 1991లో రాసిన పుస్తకంలో దీనిని ఒక సిద్ధాంతంగా వివరించారు; కొత్తవాడు పని అంచున నిలబడతాడు, కాని ఆ అంచున నిలబడే హక్కు అతడికి ఉంటుంది, అక్కడి నుంచి మెల్లగా లోపలికి జరుగుతాడు అన్నది దాని సారం.

హక్కు అన్న ఆ మాటను శ్రోతలు కొంచెం పట్టించుకోవాలి. ఇంటర్న్‌కు ఏమీ తెలియకపోవడం అతడి అపరాధం కాదు, అతడు అక్కడ ఉండడానికి కారణం. అన్నీ తెలిసినవాడిని ఇంటర్న్‌గా ఎవరూ పంపరు.

ఈ మధ్య ఈ దిగులుకు ఒక ఇంగ్లీషు పేరు తగిలించడం పరిపాటి అయింది. ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటారు, అంటే తాను వేషం వేసుకొని మోసం చేస్తున్నానని లోలోపల భయపడడం. పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అన్న ఇద్దరు మనస్తత్వవేత్తలు 1978లో ఈ భావన మీద వ్యాసం ప్రచురించారు. వారు రాసింది ఇప్పటికే గొప్ప విజయాలు సాధించి కూడా ఆ విజయాలు తమవి కావనుకునే స్త్రీల గురించి. రెండో సంవత్సరం పూర్తిచేసిన విద్యార్థి స్థితి అది కాదు. వారు తమకు వచ్చి కూడా రాదనుకున్నారు. ఇతడికి నిజంగానే ఇంకా రాదు. నీకు అన్నీ వచ్చు, ధైర్యంగా ఉండు అని భుజం తట్టడం వారికి మందు కావచ్చునేమో గాని ఇతడికి కాదు. ఇతడికి కావలసింది ఓదార్పు కన్న ఎక్కువగా ఫలానా పని దగ్గర రెండు వారాలు కూర్చోనివ్వడం.

కంప్యూటర్ సైన్సు విద్యార్థుల మాట చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది, ఎందుకంటే ఇప్పుడు విద్యార్థులు ఎక్కువగా చేరుతున్నది అందులోనే. వీరిలో చాలామంది హైదరాబాదు వెళ్లి హాస్టలులో ఉండి పనిచేస్తారు, కొందరు ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటారు. కళాశాల ల్యాబులో ప్రతి ప్రోగ్రామూ ఖాళీ తెరతో మొదలై, నాలుగైదు పదుల వరుసల్లో ముగిసి, రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది. సంస్థలో ఖాళీ తెర అంటూ ఉండదు. ఎవరెవరో, ఎప్పుడెప్పుడో రాసి, కొందరు ఉద్యోగం మాని వెళ్లిపోయిన తరువాత మిగిలిన వేల, లక్షల వరుసల కోడ్ ఉంటుంది. అందులో ఒక చిన్న తప్పు వెతకమంటారు. గిట్ అన్న పనిముట్టు, అంటే అనేకమంది ఒకే కోడ్ మీద పనిచేస్తున్నప్పుడు ఎవరు ఏమి మార్చారో గుర్తుపెట్టే ఏర్పాటు, మొదటి రోజే వాడమంటారు. రాయడం నేర్చుకున్న విద్యార్థిని అక్కడ చదవమంటున్నారు. ఇతరుల కోడ్ చదవడం ఒక ప్రత్యేకమైన విద్య అని అతడికి ఎవరూ చెప్పలేదు, కనుక తనకు ప్రోగ్రామింగే రాదని నిర్ణయానికి వస్తాడు. పైగా రోజూ ఉదయం జరిగే చిన్న సమావేశంలో నిన్న ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పాలి. పల్నాడులోని గురజాల నుంచి వచ్చిన పిల్లవాడికి పని తెలిసినా మాట తడబడుతుంది, మాట తడబడితే పని తెలియనట్లు కనిపిస్తుంది. ఈ రెండూ వేరని ముందు అతడే గుర్తించాలి. ఆ తరువాత అతడి పైవారు గుర్తించాలి.

ఇంతవరకు చెప్పినది నిజమైన ఇంటర్న్‌షిప్ దొరికినవారి సంగతి. దొరకనివారూ చాలామంది. ఒక్కో కళాశాలలో ఒక్కో ఏడాది వందలమంది విద్యార్థులు ఉంటారు. చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, చిలకలూరిపేట వైపు స్పిన్నింగు మిల్లులు, విద్యుత్ కేంద్రాలు అందరినీ లోపలికి తీసుకోలేవు. ఆ ఖాళీని వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లు నింపుతున్నాయి. అంటే ఇంట్లో కూర్చొని వీడియో పాఠాలు చూసి, ప్రశ్నలకు జవాబులు గుర్తించి, ధ్రువపత్రం పొందడం. వాటిలో కొన్ని పాఠాలుగా మంచివే. కాని అవి పాఠాలు, పని కాదు. తప్పు సమాధానం గుర్తిస్తే మళ్లీ గుర్తించవచ్చు; పక్కన ఆపరేటరు ఉండడు, లస్కరు ఉండడు, మరొకరి కోడ్ ఉండదు. ఇక డబ్బు కట్టి ధ్రువపత్రం కొనుక్కునే దారి కూడా ఉన్నదని విద్యార్థులకు తెలుసు. దాని గురించి ఎక్కువ చెప్పడం అనవసరం. ఆ దారిలో వెళ్లినవారికి మొదటి వారపు దిగులు ఎదురు కాదు. అది వారి సామర్థ్యానికి గుర్తు కాదు, వారు ఏ గేటూ దాటలేదనడానికి గుర్తు. దిగులు పడిన విద్యార్థి కనీసం సరైన చోట ఉన్నాడు.

ఆ దిగులును దాచుకోవడం మాత్రం వేరే విషయం. ఇంజనీరింగులో అది ప్రమాదం కూడా, ఎందుకంటే ఆపద వేళ అక్కరకు వచ్చేది అడిగి నేర్చుకున్న అనుభవమే. 2021 ఆగస్టులో పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు వరదలో కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అలాంటప్పుడు స్టాప్‌లాగ్, అంటే గేటు స్థానంలో నీటిని ఆపడానికి పైనుంచి దించే భారీ ఉక్కు పలకల వరుస, అమర్చాలి. తుంగభద్రలో నీరు పారుతుండగానే దానిని దించవలసి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో ఆ పని చేశారు. అప్పటికే ఆయన ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయింది. అంత పెద్ద ఆనకట్టకు ఆపద వచ్చినప్పుడు పిలిపించుకోవలసి వచ్చింది ఒక మనిషి అనుభవాన్ని. ఆ అనుభవం తరువాతి తరానికి అందాలంటే పక్కన నిలబడి, ఇది ఎందుకు ఇలా అని అడిగే కుర్రవాళ్లు ఉండాలి. తెలిసినట్లు తల ఊపేవారికి అది అందదు. మొదటి వారంలో తెలియదని చెప్పే ఇంటర్న్‌ను ఎవరూ తప్పుపట్టరు. ఆరో వారంలో, తెలిసినట్లు నటించి వాల్వు తిప్పినవాడిని తప్పుపట్టవలసి వస్తుంది.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. కిల్న్ ఎలా పనిచేస్తుందండీ అని అడిగితే ఎంత పనిమంతుడైనా తెల్లబోతాడు. ఇందాక ఆంప్స్ పడిపోయినప్పుడు మీరు బొగ్గు పెంచకుండా ముందు ఫీడు ఎందుకు తగ్గించారన్నా అని అడిగితే జవాబు వస్తుంది, జవాబుతోపాటు కుర్చీ కూడా వస్తుంది. చూసినదాన్ని ముందు పెట్టి అడిగిన ప్రశ్నకు పల్నాడు పనివాళ్లు మామూలుగా విసుక్కోరు. టీ వేళకు అడిగితే ఇంకా మంచిది. ఫీడు దెబ్బతిన్న క్షణంలో అడిగితే ఎవరైనా కసురుతారు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఇంటర్న్‌షిప్ కోసం రూపొందించిన పుస్తకంలో ప్రతిరోజూ చేసిన పని, నేర్చుకున్నది రాసి, అక్కడి బాధ్యుడి సంతకం తీసుకునే పట్టిక ఉంది. దీనిని విద్యార్థులు లాగ్‌బుక్ అంటారు. చాలా లాగ్‌బుక్‌లు చివరి రాత్రి, ఒకే పెన్నుతో, స్నేహితుడిది చూసి నిండుతాయి. ఇది అధ్యాపకులకు తెలియని రహస్యమేమీ కాదు. నేర్చుకున్నది అన్న గడి ఉన్నంతకాలం అలాగే నిండుతుంది, ఎందుకంటే ఆ గడి విద్యార్థిని గొప్పలు చెప్పమంటున్నది. దాని పక్కన తెలియనిది అన్న మరొక గడి విద్యార్థి తానే గీసుకోవచ్చు. ఆ రోజు విని అర్థం కాని మాట, చూసి కారణం తెలియని పని, అడగలేకపోయిన ప్రశ్న అందులో రాసుకోవాలి. మొదటి వారంలో ఆ గడి పొంగిపొర్లుతుంది. మూడో వారానికి అందులోని మాటలు మారతాయి. కిల్న్ అంటే ఏమిటి అన్న ప్రశ్న పోయి, పూత ఊడినప్పుడు ఆంప్స్ ఎంతసేపటిలో మారతాయి అన్న ప్రశ్న వస్తుంది. తెలియనివి తగ్గకపోవచ్చు, వాటి స్థాయి పెరుగుతుంది. పని పట్టుబడుతున్నదనడానికి ఇంతకన్న నమ్మకమైన కొలమానం ఆరెనిమిది వారాలలో దొరకదు. తరువాతి సెమిస్టరులో మౌఖిక పరీక్ష చేసే అధ్యాపకులు సర్టిఫికెట్ మీద ముద్ర చూడడానికి ముందు ఆ గడి చదివితే, ఎవరు గేటు దాటారో, ఎవరు దాటలేదో రెండు పేజీల్లో తేలిపోతుంది.

2020-21లో చేరిన మొదటి జట్టు విద్యార్థులు 2024లో పట్టాలు పుచ్చుకున్నారు. వారిలో కొందరు ఇప్పుడు అవే కర్మాగారాల్లో, అవే సాఫ్ట్‌వేర్ సంస్థల్లో జూనియర్ ఇంజనీర్లుగా ఉన్నారు. ఈ వేసవి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లబోయే విద్యార్థి తన కళాశాల సీనియర్లలో అలాంటివారు ఎక్కడెక్కడ ఉన్నారో ముందే కనుక్కొని, మొదటి వారంలో అర్థం కాని మాటలేవి, ఎవరిని ఏ వేళకు అడగాలి, ఎక్కడ చేయి పెట్టకూడదు అన్న మూడు సంగతులు ఫోనులో అడిగి తెలుసుకొని బయలుదేరవచ్చు. ఆ సీనియర్లు కూడా ఈ మధ్యనే ఆ దిగులు దాటి వచ్చినవారు కనుక, అడిగితే కాదనరు.